అవుతల

భూపాలపల్లి గనుల క్లబ్బులో టెన్నిస్ కోర్టు ఊడవడమంటే బొగ్గు ఊడవడమే. తెల్లారేసరికి నీలం రంగు సిమెంటు నేల మీద సన్నటి నల్లపొడి పరుచుకుని ఉంటుంది. సాయమ్మ తడిబట్ట చుట్టిన కర్రతో దాన్ని ఒక పక్క నుంచి తోసుకుంటూ పోతే, ఆమె రెండో పక్కకు చేరేలోపు మొదటి పక్క మళ్లీ మసకబారుతుంది. బయటి ఊళ్ల నుంచి వచ్చిన ఆటగాళ్లు మొదటిరోజు ఈ వైభవం చూసి తమ తెల్లబూట్లను సంచుల్లో దాచుకున్నారు.

ప్రొఫెషనల్ టోర్నమెంటు ఒకటి ఈ ఊరికి రావడం ఇదే మొదలు. షామియానా వేశారు, మైకు పెట్టారు, గేటు దగ్గర అరటిబోదెలు కూడా కట్టారు. దేవేందర్‌కు వీటి మీద ధ్యాస లేదు. పురుషుల డబుల్స్ గెలిచిన జోడీకి వచ్చే వారం హైదరాబాద్‌లో జరిగే పెద్ద టోర్నమెంటులో నేరుగా ఆడే చోటు ఇస్తారు. అతనికి కావలసింది ఆ చోటు. అందులో దేశదేశాల ఆటగాళ్లు ఆడతారు. క్లబ్బులో పిల్లలకు ఆట నేర్పుకుంటూ, సందు దొరికినప్పుడల్లా అర్హత పోటీలకు వెళ్లి ఓడిపోయి వచ్చే మనిషి అతను. ముప్పై దాటి చాలాకాలమైంది. కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడు టక్కుమంటోంది. వచ్చే ఏడాది అది మాట వినదని అతనికి తెలుసు.

గురువారం క్వార్టర్ ఫైనల్లో ఎదురుగా ఉన్నది చెన్నై జోడీ. అవతలివాళ్లు బాగానే ఆడుతున్నారు కానీ, మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి నేల ఒక్కసారి అదిరేసరికి వాళ్లలో ఒకడు సర్వీస్ మధ్యలో బిగుసుకుపోయాడు. ఇక్కడివాళ్లెవరూ తలెత్తి కూడా చూడలేదు. ఆ అదురుపాటులోనే మొదటి సెట్టు దేవేందర్, వేణుల వశమైంది.

వేణుది ఘనపూర్. పొలం పనులు, ఆట తప్ప మూడోది తెలియని కుర్రాడు. అతనికి రాకెట్ పట్టుకోవడం నేర్పింది దేవేందరే. ఆడేటప్పుడు వేణు నెట్ దగ్గర ఉంటాడు, దేవేందర్ వెనక ఉంటాడు. వెనకున్నవాడికి మైదానమంతా కనబడుతుంది, ముందున్నవాడికి బంతి తప్ప ఏదీ కనబడదు. కాబట్టి వెనకున్నవాడు చెప్పాలి, ముందున్నవాడు ఎదురు అడక్కుండా వినాలి. వాళ్ల మధ్య మొదటినుంచీ ఇదే పద్ధతి. ప్రత్యర్థులు వేణు తలమీదుగా బంతిని ఎత్తి కొడితే, దేవేందర్ దాని వెంట అడ్డంగా పరుగెత్తుతాడు. అప్పుడు అతను వదిలిన పక్క ఖాళీ అవుతుంది. అక్కడికి జరగమని వేణుకు చెప్పాలి. ఊళ్లో అటువైపును అవుతల అంటారు, ఇటువైపును ఇవుతల అంటారు. "అవుతల!" అని వెనక నుంచి కేక వినబడగానే వేణు కాళ్లు వాటంతటవే కదులుతాయి.

రెండో సెట్టులో చెన్నైవాళ్లు బంతిని ఎత్తారు. దేవేందర్ పరుగెడుతూ కేక వేశాడు. వేణు జరిగాడు, దేవేందర్ బంతిని తిరగ్గొట్టాడు. అవతలివాళ్లు మాత్రం రాకెట్లు దించి నిలబడిపోయారు.

"ఔట్ అన్నాడు" అని వాళ్లు వేలు చూపించారు.

ఈ స్థాయి పోటీల్లో గీతల దగ్గర మనుషులు ఉండరు. ఎవరి వైపు పడ్డ బంతిని వాళ్లే చూసుకుని, బయట పడితే ఔట్ అని అరవాలి. లోపల పడ్డదాన్ని ఔట్ అని అరిస్తే పాయింటు పోయినట్టే. కుర్చీలో కూర్చున్న అంపైరు స్కోరు చెబుతాడు, తగువొస్తే తీరుస్తాడు. ఇక్కడి అంపైరు చందూలాల్ హైదరాబాద్ నుంచి వచ్చాడు. చేతివాచీని కూడా అనుమానంగా చూసేంత పద్ధతిగల మనిషి. బంతి లోపల పడింది, నువ్వు ఔట్ అన్నావు, పాయింటు వాళ్లదని తేల్చేశాడు.

దేవేందర్ కుర్చీ దగ్గరికి వెళ్లి తను ఔట్ అనలేదని, అవుతల అన్నానని చెప్పాడు. ఆ మాటకు అర్థమేమిటో కూడా చెప్పాడు. చందూలాల్ ఓపిగ్గా విన్నాడు. విని, తన చెవికి ఔట్ అనే వినబడిందని, చెవికి వినబడిందే తాను చెప్పగలనని అన్నాడు. పరుగులో అరిచేటప్పుడు చివరి అక్షరం నోట్లోనే మిగిలిపోతుందని దేవేందర్‌కు అప్పటిదాకా తట్టలేదు. పుట్టినప్పటినుంచీ అంటున్న మాటను ఇంకొకరి చెవితో వినే అవసరం అతనికి ఎప్పుడొచ్చింది గనక.

అలా ఇంకో రెండుసార్లు జరిగింది. మూడోసారి చందూలాల్ హెచ్చరిక కూడా ఇచ్చాడు. రెండో సెట్టు పోయింది. ఆ తర్వాత దేవేందర్ నోరు మూసుకున్నాడు. కేక లేకపోయేసరికి వేణు కళ్లకు గంతలు కట్టినట్టు ఎక్కడివాడక్కడ ఆగిపోయాడు. ఒకసారి ఇద్దరూ ఒకే బంతికి వెళ్లి గుద్దుకున్నారు కూడా. వేణు సర్వీస్‌లో బలం వల్ల చివరికి ఎలాగో గట్టెక్కారు. చేతులు కలిపేటప్పుడు చందూలాల్ మంచిమాటగానే చెప్పాడు, డబుల్స్‌లో పక్కలు మారేటప్పుడు అందరూ స్విచ్ అంటారు, మీరూ అలవాటు చేసుకోండి అని.

ఆరోజు దేవేందర్ అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. అతని భార్య శాంతి కంపెనీ దవాఖానలో నర్సు. మొగుడి మోకాలికి నూనె రాస్తూ సంగతంతా విన్నది. పాయింట్లు పోతే పోయినయి గానీ, అనని మాట అన్నావంటే ఎట్లా ఊకున్నవని నిలదీసింది. ఏం చెయ్యమంటావని అతను విసుక్కున్నాడు.

"ఆ టోర్నమెంటు పెద్ద మేడం ఉన్నది గద. పోయి చెప్పు" అన్నది శాంతి. "ఇంట్ల అన్నం మీద అలిగితె ఆమెకెట్ల తెలుస్తది?"

శుక్రవారం పొద్దున సాధనలో స్విచ్ అనే మాటను కూడా పరీక్షించారు. దేవేందర్ అరిచాడు. వేణు ఆగి, వెనక్కి తిరిగి చూసి, అప్పుడు జరిగాడు. ఆలోపు బంతి వెళ్లిపోయింది. మళ్లీ అరిచాడు, మళ్లీ అదే. కరెంటు పోయిందనుకున్నానన్నా అని వేణు నవ్వాడు. దేవేందర్‌కు నవ్వు రాలేదు. ఆ మాట చెవిలో పడి, తలలో తిరిగి, కాళ్లలోకి దిగడానికి ఒక క్షణం పడుతోంది. ఆ క్షణంలోనే పాయింటు పోతుంది.

పక్క కోర్టులో హర్షిత్ సాధన చేస్తున్నాడు. హైదరాబాద్ కుర్రాడు, ఈ టోర్నమెంటులో అందరికంటే మంచి ఆటగాడు. నిన్నటి కథ అతనికీ చేరినట్టుంది. తన జోడీ పొడుగాటి అబ్బాయితో, సినిమాల్లో నవ్వించేవాళ్ల చేత పలికించే ఆ సాగదీతతో "అవుతలా, ఇవుతలా" అని పాడుతూ బంతిని అటూ ఇటూ కొట్టాడు. వాళ్లిద్దరూ విరగబడి నవ్వారు. దేవేందర్ ఒళ్లు భగ్గుమంది. అప్పటిదాకా వెళ్లాలా వద్దా అనుకుంటున్నవాడు, రాకెట్ వేణు చేతిలో పెట్టి తిన్నగా షామియానా కిందికి నడిచాడు.

టోర్నమెంటు పెద్ద కమలాదేవి. కాకినాడ ఆవిడ, అంపైర్లందరి మీదా ఆమెదే ఆఖరి మాట. దేవేందర్ చెబుతున్నంతసేపూ కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుని విన్నది. పక్కనే చందూలాల్ ఉన్నాడు. ఒక జిల్లా మాటను ఆటలోకి తెస్తే రేపు ప్రతివాడూ ఔట్ అని అరిచి, మా ఊళ్లో దానికి ఇంకో అర్థమంటాడని అతను అన్నాడు. అది తీసిపారేసే మాట కాదని దేవేందర్‌కూ అనిపించింది.

కమలాదేవి చుట్టూ చూసింది. కొంచెం దూరంలో సాయమ్మ ప్లాస్టిక్ కుర్చీలు తుడుస్తోంది. ఈ గొడవేదీ ఆమెకు తెలియదు. కమలాదేవి ఆమెను పిలిచి, తాగేనీళ్ల డ్రమ్ము ఎక్కడ పెట్టారమ్మా అని అడిగింది. సాయమ్మ తల తిప్పకుండానే గోడకు అవుతల ఉన్నదని గబుక్కున అనేసి, మళ్లీ తుడుపులో పడింది. తొందరలో అవుతల చివరి అక్షరం ఆమె నోట్లోనే ఉండిపోయింది.

చందూలాల్ చటుక్కున తలెత్తాడు. ఏం వినబడిందని కమలాదేవి అడిగితే, ఇబ్బందిగా నవ్వి, ఔట్ అన్నట్టే ఉంది మేడం అని ఒప్పుకున్నాడు.

ఆ మాటను జోడీకి చెప్పే మాటగానే లెక్కలోకి తీసుకోవాలని కమలాదేవి తేల్చింది. ఆ తర్వాత దేవేందర్ వైపు తిరిగింది.

"మీరు నిజంగానే ఔట్ అన్నప్పుడు ఆయనకెలా తెలుస్తుంది?"

"నేనే చెప్త మేడం" అన్నాడు దేవేందర్.

ఇంత సులువుగా వచ్చిన మాట అతని నోటినుంచి ఈమధ్య ఇంకోటి రాలేదు. షామియానా బయటికి వచ్చాక గానీ అతనికి చెమట పట్టిన సంగతి తెలియలేదు.

చిన్న ఊళ్లో కబురు నడవదు, ఎగురుతుంది. సాయంత్రం సెమీఫైనల్‌కు మొదటి షిఫ్టు దిగిన కార్మికులు స్నానాలు చేసి, తడి తలలతోనే వచ్చి కూర్చున్నారు. వాళ్లలో చాలామందికి టెన్నిస్ లెక్క తెలియదు. పదిహేను తర్వాత ముప్పై ఎందుకొస్తుందో, ముప్పై తర్వాత నలభై ఐదు ఎందుకు రాదో అడిగి అడిగి వదిలేశారు. ఒక్కటి మాత్రం వాళ్లకు బాగా అర్థమైంది. మన మాటను తప్పన్నారు, మన దేవేందర్ పోయి ఒప్పని రాయించుకొచ్చాడు. రాయడం ఎవరూ చూడలేదు గానీ, కథ అలాగే నడిచింది.

బంతి వేణు తల మీదుగా లేచిందంటే చాలు, దేవేందర్ కంటే ముందు వాళ్లే అరిచారు. మూడువైపుల నుంచి అవుతల, అవుతల అని హోరు. చందూలాల్ నిశ్శబ్దంగా ఉండమని మైకులో బతిమాలుకున్నాడు. ఆ గోలలో ప్రత్యర్థులకు దిక్కుతోచలేదు. వేణు మాత్రం ఒళ్లంతా చెవులు చేసుకుని దేవేందర్ గొంతు ఒక్కటే ఏరుకుని కదిలాడు. రెండు సెట్లలో ముగించారు. గెలిచాక ఎవరో ముసలి కార్మికుడు కంచె సందులోంచి చెయ్యి దూర్చి దేవేందర్ భుజం పట్టి ఊపాడు. మోకాలి నొప్పి కూడా తెలియనంత సంతోషంగా ఉంది అతనికి. ఒక మాట గెలిస్తే ఇంత బలం వస్తుందా అనుకున్నాడు.

శనివారం ఫైనల్. ఎదురుగా హర్షిత్, అతని పొడుగాటి జోడీ. పొద్దుటినుంచీ ఎండ కక్కుతోంది. కరెంటు ప్లాంటు పొగగొట్టం నుంచి పొగ కదలకుండా నిలబడి ఉంది. శాంతి దవాఖానలో సెలవు పెట్టి వచ్చి, సీసాలో ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

హర్షిత్ ఎగతాళి చేసేవాడే గానీ తెలివితక్కువవాడు కాడు. వీళ్ల గుట్టు గాలిలో లేచిన బంతి దగ్గరే ఉందని పట్టేశాడు. మొదటి సెట్టులో ఒక్కసారి కూడా బంతిని ఎత్తలేదు. నెట్‌కు బెత్తెడు పైనుంచి వేణు కడుపులోకి, దేవేందర్ చెడ్డ మోకాలి వైపుకు కొట్టి కొట్టి సెట్టు లాగేసుకున్నాడు. అరవడానికి సందు దొరక్క జనం వేరుశనక్కాయలు ఒలుచుకున్నారు. రెండో సెట్టులో వేణు తెగించాడు. సర్వీస్‌లు పిడుగుల్లా వేశాడు, ఒకసారి నెట్ మీదికి దూకి పడబోయాడు కూడా. సెట్టు వీళ్లకొచ్చింది. మూడో సెట్టుకు బదులు టైబ్రేక్ ఆడతారు. ముందుగా పది పాయింట్లకు చేరినవాళ్లు గెలుస్తారు, కాకపోతే రెండు పాయింట్ల తేడా ఉండాలి.

స్కోరు పక్కపక్కనే నడిచింది. వీళ్లకొకటి, వాళ్లకొకటి. దేవేందర్ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. పాయింటుకూ పాయింటుకూ మధ్య వేణు అతని దగ్గరికి వచ్చి చెవిలో అడుగుతున్నాడు, సర్వీస్ ఎటు వేస్తవన్నా, నేను కదల్నా ఆగాల్నా అని. దేవేందర్ చెబుతున్నాడు, వేణు తలూపి వెళ్తున్నాడు.

ఎనిమిది ఎనిమిది దగ్గర హర్షిత్ మొదటిసారి బంతిని ఎత్తాడు.

చాలా ఎత్తుగా వెళ్లింది. దేవేందర్ నెట్‌కు వీపు తిప్పి పరుగెత్తాడు. ఎండలో బంతి నల్లటి చుక్కలా కనబడింది. అది గీత దాటి పడుతుందని అతని కన్ను చెప్పింది. పరుగెడుతూనే అరిచాడు. బంతి గీత బయటి అంచును తాకి లేచింది, అంటే లోపల పడ్డట్టే. అలవాటున చెయ్యి లేచి దాన్ని వెనక్కి కొట్టేసింది. నెట్ దగ్గర హర్షిత్ రాకెట్ దించి నిలబడ్డాడు. బంతి అతని పక్కనుంచి పోయి మైదానంలో పడింది.

జనం లేచి నిలబడ్డారు. అవుతల అని ఒకటే అరుపు.

హర్షిత్ చందూలాల్ వైపు తిరిగి, ఔట్ అన్నాడు సార్, ఈసారి నిజంగానే అన్నాడు అని రెండు చేతులూ చాపాడు. చందూలాల్ కుర్చీలో ముందుకు వంగాడు. నిన్నటినుంచీ ఆ మాట విషయంలో అతను చాలా జాగ్రత్తగా ఉన్నాడు. ఒకసారి తప్పు చేసిన మంచివాడు రెండోసారి ఎటు మొగ్గుతాడో అటే మొగ్గాడు. అది అవుతల అనే మాటని, దాని మీద మేడం నిర్ణయం ఉందని చెప్పి, మైకులో స్కోరు చదివాడు. తొమ్మిది ఎనిమిది. దేవేందర్, వేణులకు మ్యాచ్ పాయింటు.

దేవేందర్ గీత దగ్గరే నిలబడి ఉన్నాడు. అతను అన్నది ఔట్. నోరు ఏ అక్షరం దగ్గర ఆగిందో అతనికి స్పష్టంగా తెలుసు. నాలుక పైకి తగిలి అక్కడే తెగిపోయింది, దాని వెనక ఇంకో అక్షరం లేదు.

ఇంకొక్క పాయింటు. తర్వాత హైదరాబాద్. శాంతి లేచి నిలబడి నీళ్ల సీసాను గుండెకు ఆనించుకుని ఉంది. ఊరుకుంటే సరిపోతుంది, అబద్ధం చెప్పనక్కర్లేదు. అంపైరే అన్నాడు, జనమే అన్నారు. గురువారం మూడు పాయింట్లు అన్యాయంగా పోయాయి, అందులో ఒకటి తిరిగి వచ్చిందనుకుంటే లెక్క కూడా కుదురుతుంది. ఇవన్నీ అతనికి చాలా వేగంగా తోచాయి. ఇంత వేగంగా సర్దిచెప్పుకోగలనని తెలిసి తనమీద తనకే రోత పుట్టింది. సాయమ్మ తల తిప్పకుండా అన్న మాట అది. ఇప్పుడు దాని చాటున దాక్కుంటే, ఇక ఈ ప్రాంతం నుంచి ఎవరు వచ్చి ఆ మాట అన్నా దొంగమాటే అవుతుంది.

వేణు బంతి తీసుకొచ్చాడు.

"సర్వీస్ నీదే అన్నా. ఇగో బంతి, వట్టు" అన్నాడు. దేవేందర్ కళ్లలోకి చూడలేదు. బంతి అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, తన చోటికి వెళ్లి నెట్ వైపు తిరిగి నిలబడ్డాడు. వేణుకూ వినబడిందని దేవేందర్‌కు అప్పుడే అర్థమైంది.

బంతిని నేలకు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. దాన్ని జేబులో వేసుకుని కుర్చీ వైపు నడిచాడు.

అతను దగ్గరికి రాకముందే చందూలాల్ తల అడ్డంగా ఊపాడు, మీరేం పరేషాన్ కాకండి, నేను సరిగ్గానే విన్నాను అన్నాడు.

"లేదు సార్. గిప్పుడు నేనన్నది ఔటే."

చందూలాల్ వినబడనట్టు ముఖం పెట్టాడు. దేవేందర్ మళ్లీ చెప్పాడు, ఈసారి కొంచెం గట్టిగా. దగ్గర వరసల్లో వేరుశనక్కాయల చప్పుడు ఆగిపోయింది. చందూలాల్ మైకు దగ్గరికి లాక్కుని స్కోరు మార్చి చదివాడు. ఎనిమిది తొమ్మిది. మ్యాచ్ పాయింటు ఇప్పుడు అటువైపు.

జనానికి సంగతి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక ఎవరో ఛీ అన్నారు. ఇంకెవరో, గింత పిచ్చోడు ఉంటడా అన్నారు. దేవేందర్ చెవులు కాలాయి. వెనక్కి నడుస్తూ వేణు వైపు చూశాడు. వేణు వీపే కనబడింది.

దేవేందర్ సర్వీస్ వేశాడు. హర్షిత్ మళ్లీ బంతిని ఎత్తాడు. బుద్ధి ఉన్న ఎవరైనా అదే పని చేస్తారు. దేవేందర్ అడ్డంగా పరుగెత్తాడు.

"అవుతల!"

జనంలో ఒక్కరూ గొంతు కలపలేదు. వేణు కాళ్లు మాత్రం కదిలాయి, అటు పక్కకు జరిగాడు. హర్షిత్ ఆగలేదు. చెవినపడ్డ మాటను ఉన్న అర్థంలోనే తీసుకుని, వచ్చిన బంతిని కిందికి తొక్కి కొట్టాడు. వేణు అందుకున్నాడు. మళ్లీ హర్షిత్, మళ్లీ దేవేందర్. ఇంకోసారి వేణు. బంతి బొగ్గుపొడి అంటుకుని బూడిదరంగుకు తిరిగింది. చివరికి అది దేవేందర్ చెడ్డ మోకాలి వైపు తక్కువ ఎత్తులో వచ్చింది. వంగాడు, కానీ వంగవలసినంత వంగలేకపోయాడు. బంతి నెట్ అంచుకు తగిలి ఇవతలే జారిపడింది.

నెట్ దగ్గర హర్షిత్ అతని చెయ్యి పట్టుకుని వంగి మోకాలు తాకినంత పనిచేసి వెళ్లిపోయాడు. చందూలాల్ కుర్చీ దిగి వచ్చి, టోపీ తీసి చెయ్యి కలిపాడు. కమలాదేవి దూరం నుంచి తలూపింది. బహుమతి ఇచ్చేటప్పుడు మైకులో అతని నిజాయితీ గురించి చాలాసేపు మాట్లాడారు. దేవేందర్‌కు అదేమీ సంతోషంగా లేదు. అతనికి హైదరాబాద్ కావాలి. అది పోయింది. దాన్ని ఎవరి మెచ్చుకోలూ తిరిగి తెచ్చివ్వదు. శాంతి మాత్రం దగ్గరికి వచ్చి సీసా మూత తీసి ఇచ్చి, తాగు ముందు అన్నది.

వేణు కోసం వెతికితే క్లబ్బు వెనక బళ్లు పెట్టే చోట కనబడ్డాడు. రాకెట్ల సంచి బండికి తాడుతో కడుతున్నాడు. కట్టిన ముడినే విప్పి మళ్లీ కడుతున్నాడు. దేవేందర్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఏం చెప్పాలో దారిలో అనుకుంటూ వచ్చాడు, తప్పుడు పాయింటుతో గెలిచి నిద్రపోలేమని, వేణుది చిన్న వయసని, ఇలాంటి అవకాశాలు ఇంకా వస్తాయని. అవన్నీ చెప్పాడు కూడా. వేణు తాడు లాగి బిగిస్తూ అంతా విన్నాడు.

"నాకు సుత ఇనవడ్డదే అన్నా" అన్నాడు చివరికి. "ఇని సుత బంతి నీ చేతుల వెట్టిన."

"నాకెరికే."

"ఎరికుంటె నన్నెందుకు అడగలే?"

దేవేందర్ దగ్గరున్న జవాబు ఒక్కటే. అడిగితే నువ్వు వద్దంటావని. దాన్ని బయటికి అనలేకపోయాడు, కానీ వేణు అతని ముఖంలో చదువుకున్నట్టున్నాడు.

"ఆ సారు నీ మాట ఇనకపోతె అన్నం తినకుంట లేస్తివట. పెద్ద మేడం కాడికి పోతివి. నేను నీ పక్కనే ఉన్న, ఇరవై అడుగులు లేదు. ఆట ఇద్దరిది. నాకు ఒక్క మాట చెప్పకుంట పోతివి."

వేణు గొంతులో కోపం కంటే అలసట ఎక్కువుంది. దేవేందర్ బండి సీటు మీద పేరుకున్న నల్లపొడిని చేత్తో తుడిచాడు. వెనకున్నవాడు చెప్పాలి, ముందున్నవాడు వినాలి అని ఇన్నాళ్లూ తనే నేర్పాడు. ముందున్నవాడికి చెప్పేదేమైనా ఉంటుందేమోనని ఒక్కసారీ ఆగి చూడలేదు. తప్పయిందని చెప్పాలనుకున్నాడు. ఆ మాట అంపైరు ముందు ఔట్ అన్నంత సులువుగా రాలేదు.

"ఇప్పుడు అడుగుతున్న" అన్నాడు, తనకే వింతగా వినబడే గొంతుతో. "అప్పుడు అడిగితె ఏమంటుంటివి?"

వేణు బండి ఎక్కి స్టాండు తీశాడు. ఘనపూర్ రోడ్డు మీద లారీలు బారులు తీరి పోతున్నాయి. వాటి వైపు చూస్తూ నిజంగానే ఆలోచించాడు.

"ఏమో అన్నా. సరే అంటుంటినేమో" అన్నాడు వేణు. "గిప్పుడు మనిద్దరికి ఎన్నటికి తెల్వది."

బండి స్టార్ట్ చేసి, లారీల మధ్య సందు చూసుకుని రోడ్డెక్కాడు.